కడిగిన జాడీ

జాడీలో నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున ప్లాస్టిక్కులో పోతపోసిన గీతలు కూడా కనిపిస్తున్నాయి. పొద్దున కనిపించలేదు. పొద్దున ఆ జాడీకి అసలు అడుగే లేదు, తారు కలిపినట్టున్న నీళ్ళు, వాటి మీద రంగురంగుల తెట్టు, తెట్టులో రెక్కలతుక్కుపోయిన దోమ ఒకటి. అది చూసి ఛీ అనుకున్నాను, అనుకున్నానో లేదో చేతులు వాటంతటవే ముందుకెళ్ళి జాడీని స్టాండు మీంచి ఎత్తి, మేడ మీది కుళాయి దగ్గరకు తీసుకెళ్ళి, వంచి పారబోసి, సబ్బు రాసి, వేళ్ళు పోనంత ఇరుకు కాదు గనుక లోపలంతా పీచుతో తోమి, జాడించి, బోర్లించి ఆరబెట్టి, మళ్ళీ స్టాండు మీద పెట్టి, పొల్యూషన్ ఆఫీసు అమ్మాయి ఇచ్చివెళ్ళిన క్యానులోంచి బ్యాటరీ వాటర్ గీత దాకా పోసేశాయి. చేతులు అంటున్నాను, నేను అనడం లేదు. ఇప్పుడు నీళ్ళ ట్యాంకు పక్కన స్టూలు వేసుకుని ఆ జాడీకి ఎదురుగా కూర్చున్నాను, ఎవరైనా చూస్తే కాపలా కాస్తున్నాననుకుంటారు. నెల రోజులు కాపలా కాసిన మాట నిజమే. పక్షులు వాలకుండా చుట్టూ కట్టిన తీగ వదులైతే బిగించాను, ఎండకి నీళ్ళు తగ్గితే ఆ అమ్మాయి చెప్పినట్టు క్యానులోంచి పోశాను, పిల్లి ఒకటి స్టాండు ఎక్కబోతే చప్పట్లు కొట్టి తోలాను. అన్నీ చేసి చివరి పొద్దున కడిగేశాను. ఆ ఆఫీసు అమ్మాయి జాడీ కోసం టీ వేళకి వస్తానంది. ఎండ పిట్టగోడ మీంచి దిగుతోంది, ఇంకాసేపు.

కడుగుతున్నప్పుడు తెలియలేదా అని నన్ను నేనే అడుగుతున్నాను, పొద్దుట్నుంచీ అదే అడుగుతున్నాను. తెలియలేదు. మెట్లు దిగుతుంటే తెలిసింది. ఎదురింటి టైలరమ్మ గుమ్మంలో నిలబడి పైకి చూసి, "బాబాయ్ గారూ, ఇవాళేగా ఆ అమ్మాయి పట్టుకెళ్ళేది? నిండిందా బాగా?" అంది. ఆ 'బాగా' అన్న మాట దగ్గర నా కాలు మెట్టు మీదే ఆగిపోయింది. అప్పుడు అర్థమైంది, ఆ నల్లటి నీళ్ళ కోసమే కదా ఇదంతా, ఆ నీళ్ళే కదా పట్టుకెళ్ళి వడకట్టి ఆరబెట్టి తూకం వేస్తారు. నేను ఏమన్నాను ఆవిడతో? "ఆ, ఇవాళేనమ్మా," అన్నాను. అబద్ధం కాదు, కానీ అంతకంటే పెద్ద అబద్ధం నా జీవితంలో ఆడలేదు. ఆవిడ నవ్వి లోపలికి వెళ్ళిపోయింది, కుట్టుమిషను చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు ఇప్పటికీ వినిపిస్తోంది, ఆగుతుంది, సాగుతుంది. తెల్ల చొక్కాలు కుడుతోంది, బడి పిల్లలవి. కిటికీ మూసుకుని కుడుతుంది, ఎంత ఉక్కపోసినా. తెరిస్తే తెల్లబట్ట మీద నల్ల చుక్కలు పడతాయి, తుడవబోతే చుక్క కాస్తా గీత అవుతుంది, ఉతకనిదే పోదు.

వీధి చివర, కాలువ దాటాక, పాత టైర్లు కాల్చి నూనె తీసే ఫ్యాక్టరీ ఉంది. నూనె తీయగా మిగిలేది మసి, ఆ మసి కూడా అమ్ముతారట, బస్తాలకెత్తి. బస్తాలకెక్కనిది మాకు. పొగ పగలు కనిపించదు, పగలు అక్కడ గేటు దగ్గర పూలకుండీలు కనిపిస్తాయి. ఫిర్యాదు చేస్తే అధికారులు వచ్చినప్పుడల్లా పొయ్యి చల్లగానే ఉంది, గొట్టం శుభ్రంగానే ఉంది, వాసన కూడా ఆరోజు సెలవు పెట్టినట్టు ఎక్కడికో పోయింది. ఏదీ రుజువు అన్నారు. టైలరమ్మ ఆఫీసుల చుట్టూ తిరిగింది, ఒక చేత్తో పాపనీ ఇంకో చేత్తో మసి పట్టిన చొక్కాలనీ పట్టుకుని. చివరికి ఒక గుమాస్తా ఎవరో జాలిపడి, గాల్లోంచి రాలేది పట్టే జాడీ ఒకటి ఉంటుందమ్మా, నెల్లాళ్ళు మేడ మీద పెడతారు, దానికి నిద్ర లేదు, దాన్ని మాయ చెయ్యలేరు అని చెప్పాడట. ఆవిడది రేకుల ఇల్లు, జాడీకి చదునైన కప్పు కావాలి. మా మేడ అడిగింది. ఇప్పుడు ఫ్యాక్టరీ వాళ్ళు రెండో పొయ్యి పెడతామంటున్నారు, వచ్చే వారం దాని మీద సభ, వీధివాళ్ళు తమ అభ్యంతరాలు చెప్పుకోవచ్చు. ఆ సభలో మా చేతిలో ఉండేది ఈ జాడీ ఒక్కటే. మళ్ళీ పెడితే మళ్ళీ నెల పడుతుంది. సభ నెల ఆగదు.

ఎందుకు కడిగావు అని అడిగితే ఏం చెప్పాలి. మా ఆవిడ బతికుండగా మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది, ఎవరి గిన్నె వాళ్ళకి కడిగే ఇవ్వాలి. పక్కింటివాళ్ళు ఏదైనా పెట్టి పంపిన గిన్నె ఉంటే దాన్ని మా సొంత గిన్నెల కంటే బాగా తోమేది, అడుగున మాడిన మచ్చ వాళ్ళదే అయినా సరే, అది కూడా పోయేదాకా తోమి, పొడిగుడ్డతో తుడిచి పంపేది. ఎవరైనా మాకు తోమకుండా పంపితే ఏమీ అనేది కాదు, పెదవి కొంచెం బిగించి కుళాయి తిప్పేది, అంతే. ఆ పెదవి బిగింపు నాకు భయం. ఆవిడ పోయాక కూడా. పొద్దున ఆ జాడీ చూడగానే నాకు మొదట వచ్చిన ఆలోచన రుజువు అని కాదు, కొలత అని కాదు, ఆ ఆఫీసు అమ్మాయి ఇవాళ వచ్చి దీన్ని చూస్తుంది, ఒంటరి ముసలాయన ఇల్లు చూడండి ఎలా ఉంచుకున్నాడో అనుకుంటుంది, అని. పరాయి ఆఫీసు జాడీ, మన ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఉంచుకుని, ఇలాగా తిరిగివ్వడం. అంతే. అంతకుమించి నా బుర్రలో ఏమీ లేదు, నా డిగ్రీ లేదు, కాంతి వంగే తీరు మీద చదివిన పుస్తకాలు లేవు. పైగా నా చేతులు జీవితమంతా చేసిన పని అదే. కళ్ళజోళ్ళ దుకాణం నాది, అద్దం తుడవకుండా ఎవరి చేతికీ ఇవ్వలేదు. లెన్సు కోసి, ఫ్రేములో బిగించి, వెలుతురుకి పెట్టి చూసి, నోటి ఆవిరి ఊది, మెత్తటి గుడ్డతో గుండ్రంగా తుడిచి, రెండు చేతులా అందించాలి. ఎదుటివాడు పెట్టుకుని బోర్డు చదివి నవ్వుతాడు. ఆ నవ్వు కోసం తుడిచాను ఇన్నేళ్ళూ. మాట్లాడుతూ తుడుస్తాను, ఫోన్లో ఉండి తుడుస్తాను, చేతులకి నేనక్కర్లేదు.

గాలి కొంచెం తిరిగింది. ట్యాంకు నీడ నా మోకాళ్ళ దాకా వచ్చి చల్లగా కూర్చుంది, అడక్కుండా వచ్చే ఇలాంటివి ఉంటాయి, వీటికి సిగ్గుపడాలనిపిస్తోంది ఇవాళ. నాకెందుకు నీడ.

మా ఆవిడ కిటికీ చట్రాలు రోజుకి రెండు పూటలా తుడిచేది. పొద్దున తుడిచిన గుడ్డ సాయంత్రానికి మళ్ళీ నల్లగా అయ్యేది, దాన్ని ఉతికి వెనకవైపు ఆరేసేది, వీధివైపు ఆరేసేది కాదు, ఎవరైనా చూస్తారని. ఎవరైనా వస్తున్నారంటే ముందు తుడుపు. వచ్చినవాళ్ళు, మీ ఇల్లు అద్దంలా ఉంటుందండీ అనేవాళ్ళు, మా వీధిలో మాత్రం ఎంత మసో అనేవాళ్ళు, అని వాళ్ళిళ్ళకి వెళ్ళి వాళ్ళూ తుడుచుకునేవాళ్ళు. వీధి వీధంతా తుడుచుకుంది. అధికారులు వచ్చి చూస్తే ప్రతి గడపా నిగనిగలాడుతూ ఉండేది. ఇదంతా నాకు ఇవాళే తోచింది, ఈ స్టూలు మీద, చేతుల్లో సబ్బు వాసనతో. ఆవిడకి ఆయాసం మొదలైనప్పుడు కూడా మెట్లెక్కడం మానేసింది గానీ తుడవడం మానలేదు, కూర్చుని తుడిచేది, తుడుస్తూ దగ్గేది. నేను చెయ్యిపట్టుకుని ఆపితే, "నాకు తోచుబాటు ఉండాలి కదండీ," అనేది. పెద్ద డాక్టరు ఛాతీ ఫోటో వెలుతురుకి పెట్టి చూసి, ఎన్నేళ్ళ నుంచి సిగరెట్లు తాగుతున్నారమ్మా అని అడిగాడు. ఆవిడ నా వైపు చూసిన చూపు, ఆ డాక్టరు గదిలో, తెల్ల లైటు కింద. ఆవిడ గిన్నె సరిగ్గా తోమలేదని జీవితంలో మొదటిసారి ఎవరో అన్నట్టు. నేను గబగబా, "మా ఇల్లు చాలా శుభ్రంగా ఉంటుంది డాక్టర్ గారూ," అన్నాను. ఆయన రాసుకుంటూ, ఇల్లు సరే, ఇంటి చుట్టూ ఏముంది అన్నాడు. ఏమీ లేదండీ, మంచి వీధి అని చెప్పింది ఆవిడే. ఆటోలో వస్తూ, కాలువ వంతెన మీదకొచ్చాక, "రేపట్నుంచి ఒక ప్యాకెట్టు తెచ్చిపెట్టండి, ఎలాగూ పేరు వచ్చేసింది," అంది. ఇద్దరం నవ్వాం, నవ్వితే ఆవిడకి దగ్గు తెర వచ్చింది, ఆటో అతను పక్కకి ఆపి, నీళ్ళ సీసా ఇచ్చి, దగ్గు తగ్గేదాకా వెనక్కి తిరగకుండా రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆయన ముఖం గుర్తులేదు, మెడ గుర్తుంది. అంత మర్యాద గల మెడ.

నాకు తెలియదా, దుకాణంలో కూర్చుని. ఫ్యాక్టరీ వచ్చిన కొన్నాళ్ళ నుంచే గీతలు పడ్డ అద్దాలు రావడం మొదలైంది. కొత్త లెన్సు పెట్టిన కొద్దిరోజులకే తీసుకొచ్చి, నాసిరకం వేశారా మాస్టారూ అనేవాళ్ళు. వెలుతురుకి పెడితే సన్నటి గీతలు సాలెగూడులా. పొడిగుడ్డతో రుద్దితే గాల్లోంచి పడ్డ నలుసు అద్దాన్ని కోస్తుంది, అంతే సంగతి. నేను ఏం చెప్పాను? ముందు నీళ్ళతో కడిగి అప్పుడు తుడవండి అని చెప్పాను. కాగితం మీద రాసి గోడకి కూడా అంటించాను. అద్దాన్ని కోసేది ఊపిరితిత్తిని ఏం చేస్తుందో ఒక్కరికీ చెప్పలేదు, అనుకోనైనా లేదు, నా కొలతంతా కంటి దగ్గరే ఆగిపోయింది. ఇంకోటి కూడా ఉంది. నా పాత కారు టైర్లు అరిగిపోతే బండి తోసుకుంటూ వచ్చినతనికి ఇచ్చేశాను, ఎక్కడికి తీసుకెళ్తావోయ్ అని సరదాకి అడిగితే, ఎంతోదూరం కాదు సార్, కాలువవతలికే అన్నాడు. మంచిదే, ఇంటి ముందు అడ్డు పోయింది అనుకున్నాను. నా టైర్లు కూడా ఎప్పుడో ఒకరోజు తెల్లవారుజామున నా కిటికీ మీద వాలి ఉంటాయి, మా ఆవిడ తుడిచి ఉంటుంది.

మిషను ఆగింది. పాప దగ్గుతోంది. ఈ దగ్గు నాకు తెలుసు, ముందు రెండు చిన్నవి, తర్వాత ఒక పొడుగుది, దాని చివర ఈల. పిల్లికూతలంటారు కదా, పాపకి ఆ మాట విన్నాక లోపల నిజంగా పిల్లి ఉందని నమ్మకం. మా మేడ ఎక్కినప్పుడల్లా నా చెవి తన వీపుకి ఆనించి, "అద్దాల తాతయ్యా, ఇవాళ ఏమంటోంది?" అని అడుగుతుంది. "నిద్రపోతోందమ్మా, లేపకు," అంటాను నేను. నిద్రపోదు అది. కొన్ని రోజులు మూతికి మాస్కు కట్టి ఆవిరి మందు పట్టే మిషను పెడతారు, దాని బుస్సు చప్పుడు మా వంటింట్లోకి వినిపిస్తుంది. బడికి సగం రోజులే వెళ్తుంది. ఆటల పీరియడులో గోడ దగ్గర కూర్చుని మిగతా పిల్లల స్వెట్టర్లు కాపలా కాస్తుందట, అదేదో ఉద్యోగమన్నట్టు గొప్పగా చెప్పింది. జాడీ పెట్టిన రోజు వాళ్ళమ్మ ఏం చెప్పిందో గానీ, ఇది నిండితే ఫ్యాక్టరీ వాళ్ళు పొగ ఆపేస్తారని నమ్మింది పాప. ఊపిరాడిన రోజున మెట్లెక్కి వచ్చి, మునివేళ్ళ మీద లేచి, "నిండిందా తాతయ్యా?" అనేది. నిండుతోందమ్మా, నిండుతోంది. ఎంత సంతోషంగా చెప్పేవాణ్ణో. మురికి చూసి సంతోషించాను నెలంతా, ఆఖరి రోజున సిగ్గుపడ్డాను.

చెప్పకపోతే ఏమవుతుంది? ఈ ఆలోచన పిల్లిలా మెల్లగా వచ్చింది, తోలాను, మళ్ళీ వచ్చింది. ఆ అమ్మాయికి ఏం తెలుస్తుంది, మూత పెట్టుకుని పట్టుకెళ్తుంది. అక్కడ వడకడతారు, కాగితం మీద ఏమీ మిగలదు, గాలి శుభ్రంగా ఉంది అని రాస్తారు. ఆ మాట ముద్ర వేసి సభలో పెడతారు. అంటే జాడీ లేకపోవడం కంటే ఘోరం. ఇంతకాలం మాకు రుజువు లేదు, ఇప్పుడు వాళ్ళకి రుజువు ఉంటుంది, నేను స్వయంగా సబ్బు పెట్టి తోమి ఇచ్చిన రుజువు. టైలరమ్మ ఆ కాగితం చూసి ఏమనుకుంటుంది, పాప దగ్గు అబద్ధమని ముద్ర వేసి ఇచ్చినట్టే కదా. మరి అలాగైతే ఇంకో దారి లేదా? ఉంది. ట్యాంకు వెనక మూలలో, వాన తగలని చోట, నల్లటి మెత్తటి పొర ఉంది, వేలు పెడితే వేలి గుర్తు పడేంత. అదీ గాల్లోంచి రాలిందే, అదే మసి, ఆ ఫ్యాక్టరీదే. చిటికెడు తీసి జాడీలో వేస్తే ఎవరికి అన్యాయం? అబద్ధం ఎక్కడుంది అందులో, నేను తీసేసినదాన్నే తిరిగి వేస్తున్నాను. లేచాను. పాత న్యూస్‌పేపరు ముక్క చింపి, ఇంకో ముక్కతో ఊడ్చి, పొట్లంలా ఎత్తాను. ఎంత తేలికగా ఉంది. ఇంతేనా ఒక మనిషి ఊపిరి ఆపగలిగేది, అరచేతిలో బరువే తెలియనిది. జాడీ దగ్గరికి వచ్చి నిలబడ్డాను. ఎంత వెయ్యాలి? చిటికెడా, రెండు చిటికెలా? చూపు కొలిచేటప్పుడు పావు పాయింటు అటూఇటూ అయితే మనిషికి తలనొప్పి వస్తుందని మళ్ళీ మళ్ళీ మార్చి చూసినవాణ్ణి, ఇప్పుడు కంటి అందాజాతో వీధి గాలిని కొలిచి పోస్తానా? ఎక్కువ వేస్తే? తక్కువైతే? రేపు ఎవడైనా వచ్చి ఈ తూకం దొంగది అంటే, టైలరమ్మ మాట కూడా దొంగదైపోతుంది, నా ఒక్కడిది కాదు. పొట్లం పట్టుకుని అలా నిలబడిపోయాను, వెయ్యలేను, పారెయ్యలేను. కింద స్కూటరు ఆగింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఆ అమ్మాయి ఎప్పుడూ గబగబా ఎక్కుతుంది, పైకి వచ్చాక మాత్రం మర్యాద కోసం ఒకసారి గొంతు సవరించుకుంటుంది. చెమట తుడుచుకుంటూ, "బాగున్నారా అంకుల్? ఎండలో నిలబడ్డారేంటి?" అంది. బ్యాగులోంచి మూత తీసింది, చేతులకి తొడుగులు వేసుకుంది. జాడీ మీదికి వంగింది. కాసేపు వంగే ఉంది.

"ఏంటంకుల్, ఇంత క్లియర్‌గా ఉంది. మీ వీధి గురించి ఏదేదో విన్నాను," అంది. "సరే, మంచిదే కదా. ఈ వీధికి మంచిదే."

 నా ముందే మూత పెట్టబోయింది. ఆ మూత కూడా శుభ్రంగా ఉంది.

"ఆగమ్మా," అన్నాను. "అది గాలి చేసింది కాదు. నేను కడిగాను."

"అంటే?"

"పొద్దున కడిగాను. సబ్బుతో."

ఆ అమ్మాయి ముఖంలోకి రక్తం వచ్చి మళ్ళీ వెళ్ళిపోయింది. నా చేతిలో పొట్లం చూసింది. నల్లబడిన నా వేళ్ళు చూసింది. "మరి అదేంటి?"

"ఇదా. ఇది మళ్ళీ అందులో వెయ్యాలనుకున్నాను. వెయ్యలేదు."

 ఎవరైనా డబ్బిచ్చారా అని అడుగుతుందనుకున్నాను, అడిగే హక్కు ఉంది, అడగలేదు. స్టూలు నా వైపు జరిపి, "కూర్చోండి ముందు," అంది. తను పిట్టగోడకి ఆనుకుంది. "నేనిప్పుడు శాంపిల్ చెల్లదు అని రాయాలంకుల్. కారణం కూడా రాయాలి. ఏం రాయను?"

"ఎవరి గిన్నె వాళ్ళకి కడిగే ఇస్తాం కదమ్మా," అన్నాను. ఆ మాట నాకే వినిపించింది.

ఆ అమ్మాయికి నవ్వొచ్చింది, వచ్చినదాన్ని పంటి కింద ఆపుకుంది. "మా అమ్మ కూడా అంతే," అంది. "ఎక్కడికైనా వెళ్తే వాళ్ళ కప్పు కూడా కడిగేసి వస్తుంది." పెన్ను తీసి రాసింది, ఏం రాసిందో నేను చూడలేదు. జాడీలో నీళ్ళు పారబోస్తూ, "మళ్ళీ పెడతాను, రేపే. కానీ ఈ సభకి అందదు అంకుల్, అది నా చేతిలో లేదు," అంది. తర్వాత, బ్యాగు జిప్పు వేసుకుంటూ, నా వైపు చూడకుండా, "ఎదురింటి ఆంటీకి నేను చెప్పనా?" అంది.

అంత పెద్ద బరువు తనంతట తనే ఎత్తుకోబోయింది, నా మనవరాలి వయసు ఉంటుందేమో. ఔననాలని ఎంత అనిపించిందో. "వద్దమ్మా. నేనే చెప్తాను," అన్నాను.

చెప్పడానికి వీధి దాటాలి, అంతే, కానీ వీధి ఎంత వెడల్పుంది. స్కూటరు వెళ్ళిపోయింది. టైలరమ్మ తలుపు ఓరగా వేసి ఉంది. లోపల మిషను మీద తెల్లబట్ట, నేల మీద పరిచిన పాత దుప్పటి, దాని మీద ఇస్త్రీ చేసిన చొక్కాలు, ఒకదాని మీద ఒకటి. వెనకగదిలో పాప నిద్రపోతోంది, దగ్గి దగ్గి అలిసిన నిద్ర, ఊపిరి ఈల వేస్తూనే ఉంది. ఆవిడ తలెత్తి, "తీసుకెళ్ళిందా బాబాయ్ గారూ? స్కూటర్ చప్పుడు విన్నాను," అంది.

చెప్పాను. నిలబడే చెప్పాను. ఎక్కడ మొదలెట్టాలో తెలియక దోమ దగ్గర మొదలుపెట్టాను, తర్వాత సబ్బు, తర్వాత పొట్లం కూడా చెప్పాను, దాచాల్సిందేమీ మిగల్లేదు. ఆవిడ చెయ్యి మిషను చక్రం మీద ఉంది, చక్రం తిరగలేదు.

"పొద్దున నేను అడిగాను చూడండి, మీరు మెట్లు దిగుతుంటే. అప్పటికే కడిగేశారా?"

"అప్పటికే."

"నీళ్ళు ఎలా ఉన్నాయి?"

"నల్లగా. తారులా."

"మీరు చూశారు."

"చూశాను."

"చూసి పారబోశారు."

నేను తలూపాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ దారం నోటితో కొరికి, చొక్కా మడతపెట్టి పక్కన పెట్టింది, ఇంకోటి తీసుకోలేదు. "మిగతా మేడలు కూడా ఉన్నాయి ఈ వీధిలో," అంది మెల్లగా, పాప లేవకుండా. "ఎవడో ఒకడు ఫ్యాక్టరీ వాళ్ళ దగ్గర డబ్బు తీసుకుని కడిగేస్తాడని భయం నాకు. అందుకే మీ మేడ అడిగాను. మీరు ఊరికే కడిగేశారు బాబాయ్ గారూ." ఆ చివరి మాటకి ఆవిడ నోరు నవ్వబోయినట్టు వంకరపోయింది, నవ్వు కాలేదు. చెయ్యడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. మూసి ఉన్న కిటికీ.

"సభకి నేను వస్తానమ్మా," అన్నాను. "కొలత ఎందుకు లేదని అడుగుతారు కదా. నేను లేచి చెప్తాను. ఎంత నల్లగా ఉందో చెప్తాను. అది ఇంకొకరు చూస్తే సిగ్గుచేటని కడిగేశానని చెప్తాను."

"నవ్వుతారు."

"నవ్వుతారు."

"ముసలాయనకి మతి చెడింది అంటారు. తూకం కావాలి వాళ్ళకి, మీ సిగ్గుతో ఏం చేసుకుంటారు?"

"అననీ."

ఆవిడ ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు మామూలుగానే ఉంది. "వస్తే పిన్నిగారి సంగతి కూడా చెప్పాలి. ఛాతీ ఫోటో చూసి డాక్టరు ఏమడిగాడో. నాకు చెప్పారావిడ, ఒకసారి, ఇక్కడే కూర్చుని. ఎవరికీ చెప్పకు అన్నారు. నేను ఎవరికీ చెప్పలేదు."

నాకు తెలియదు. మా ఆవిడ ఆటోలో నవ్వేసి అక్కడితో వదిలేసిందనుకున్నాను. ఇక్కడికి వచ్చి, వీధి దాటి వచ్చి, ఈ మిషను పక్కన కూర్చుని చెప్పుకుందా. నా ముందు ఏడవకుండా ఇక్కడ ఏడ్చిందేమో, ఈవిడ విని, దాచి, ఇన్నాళ్ళూ నన్ను బాబాయ్ గారూ అని పలకరిస్తూ ఉంది. ఆ మాట అందరి ముందూ, మైకు పట్టుకుని, పూలకుండీలు పెట్టుకున్నవాళ్ళ ముందు. మా ఇల్లు అద్దంలా ఉండేదని, ఆ ఇంట్లోనే ఆవిడకి ఊపిరాడలేదని. ఆవిడకి నచ్చదు. పెదవి బిగిస్తుంది.

"చెప్తాను," అన్నాను.  "అదీ చెప్తాను."

"చూద్దాం," అంది టైలరమ్మ. నమ్మినట్టు లేదు, నమ్మాలని ఏముంది. కాసేపటికి లేచి, గోడవారగా ఉన్న కుర్చీ ముందుకి లాగింది. "ఎంతసేపు నిలబడతారు, కూర్చోండి," అంటూనే మిషను మీది గుడ్డ అందుకుని కుర్చీ తుడవబోయింది.

"తుడవకమ్మా," అన్నాను.

ఆవిడ చెయ్యి గాల్లో ఆగింది. కుర్చీ మీద పల్చగా, బూడిద రంగులో, పొద్దుట్నుంచీ రాలింది రాలినట్టే ఉంది. నేను ఇస్త్రీ ప్యాంటుతో దాని మీదే కూర్చున్నాను.